ఆరో అంశం, ఏడో అంశం

పాంట్‌హెస్కిన్ టౌన్ కౌన్సిల్. గురువారం, సాయంత్రం ఆరున్నర.
వేల్స్ వాన, పడుతోందో ఆగిందో తెలియని రకం.
రేడియేటర్ పక్కన గుమస్తాని నేను,
చెక్కినకొద్దీ విరిగే పెన్సిలు.

ఆరో అంశం: వీధుల్లో చెత్త.
కౌన్సిలర్ డెలిత్ బెనన్ లేచి
చిప్స్ ప్యాకెట్ల మీద ఇరవై నిమిషాలు మాట్లాడింది.
కుక్కల వాళ్లు సంచీ ముడేసి మరీ
ముళ్లకంపకు వేలాడదీసి పోతున్నారట,
"ఎవరికమ్మా ఈ కానుక?" అంది. నవ్వులు.
బస్టాపు దగ్గర బిన్ను పెడితే
చెత్త తగ్గుతుందా, ఇంకా పోగవుతుందా
అన్నచోట ఇద్దరు పెద్దమనుషులు
పేర్లతో పిలుచుకోవడం మానేసి
"గౌరవ సభ్యులు" అని తిట్టుకునేదాకా వచ్చారు.
జరిమానా ఎంత, బోర్డు ఏ రంగు,
దాని మీద వెల్ష్ పైనుండాలా ఇంగ్లిష్ పైనుండాలా.
గంటా నలభై నిమిషాలు.
నేను రాసుకున్నాను: చర్చ జరిగింది.

ఏడో అంశానికి టీ చల్లారిపోయింది.
పాత గని కార్మికుల పెన్షన్ నిధిలో
మిగులు ఎవరిదో తేల్చమని
లండన్‌కి ఒక ఉత్తరం రాయాలా వద్దా.
వినవచ్చినవాళ్లు మాట్లాడదలిస్తే మూడు నిమిషాలు.

వెనక వరసలోంచి ఇద్వల్ పార్ఫిట్ లేచాడు.
లేవడానికే ఒక నిమిషం.
ఇంకొకటి ఊపిరి తెచ్చుకోడానికి,
అడుగున ఎక్కడో ఇరుక్కున్న గని పంజరాన్ని
తాడేసి పైకి లాగుతున్నట్టు.
చేతిలో కౌన్సిల్ వాళ్లిచ్చిన చెత్త ఏరే పటకారు.
రోజూ తెల్లారకముందే
చాపెల్ సందు నుంచి రగ్బీ మైదానం దాకా
ఏరేది ఆయనే, ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.
కుడిచేతికి మూడే వేళ్లు.
తక్కిన రెండూ ఈ పటకారే అంటాడు.

"పదిహేనో ఏట దిగాను.
వారం వారం జీతంలోంచి కోశారు. కోసుకోనిచ్చాను,
ముసలితనానికి కదా అని.
మా తమ్ముడు పోయాక మరదలు నెస్టా
వాడిదాంట్లో వచ్చే ముక్కతో
ఒక్క గదికే వెచ్చదనం కొనుక్కుంటోంది.
చెత్త గురించి మీరన్నది నిజమే.
ఎవడు పోసింది వాడెత్తాలి.
మరి అది?"

పటకారుతో కిటికీ చూపించాడు.
ఊరికి కొత్తవాళ్లు దాన్ని కొండ అనుకుంటారు.
గడ్డి మొలిచింది, గొర్రెలు మేస్తాయి.
గట్టి వాన కురిసిన ప్రతిసారీ
పసుపు కోట్లవాళ్లు వచ్చి
జారిందా, ఎంత జారింది అని కొలిచి పోతారు.
గనిలోంచి బొగ్గు ఎటో వెళ్లిపోయింది.
రాయీ రప్పా మాకు మిగిలాయి.

అధ్యక్షురాలు చెంచాతో కప్పు మీద కొట్టింది,
మెల్లగానే, పాపం. టైమయిపోయింది.

చేతులెత్తమంటే అందరూ ఎత్తారు.
నాలుగు నిమిషాల్లో ఏకగ్రీవం.
ఒక్కడైనా కాదంటే బాగుండనిపించింది నాకు.
బస్టాపు బిన్నుకున్నంత కోపం
ఈ మనిషి మీద ఎవరికీ లేకపోయింది.

అందరూ గొడుగులు వెతుక్కుంటుంటే
ఆయన కుర్చీల కింద పడ్డ కాగితం కప్పులు
ఒక్కొక్కటే పటకారుతో ఎత్తి
ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ పోయాడు.
ఇది మినిట్స్‌లోకి ఎక్కదు.

బిన్నులు: నాలుగు. మంజూరు.
ఉత్తరం: ఒకటి. రాయవలసింది గుమస్తా.

రాత్రి వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని
"అయ్యా, దయచేసి" అని మొదలుపెట్టాను.
ఆ మాట వైపు చాలాసేపు చూశాను.
సొంత డబ్బు అడగడానికి దయ ఎందుకు?
"దయచేసి" కొట్టేశాను.
"అయ్యా" ఒక్కటీ మిగిలింది, కాసేపుంచి దాన్నీ కొట్టేశాను.
కింద రాశాను:
ఇద్వల్ పార్ఫిట్ పదిహేనో ఏట దిగాడు.